అవ్వ పనికి లెక్క లేదు

మాది తరతరాలుగా వేలూరు. ఇక్కడ ఐడా స్కడర్ పెట్టిన ఆసుపత్రిలో 1909లో నర్సుల శిక్షణ మొదలైంది. 1946లో అది డిగ్రీ కాలేజీ అయింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు మా అవ్వ నర్సు పనికి పోతానంటే, "ఊరోళ్ళ పుండ్లు కడుగుతావా?" అని చుట్టాలు రెండేళ్ళు మా గడప తొక్కలేదంట.

ఆమె మనవరాలు, మా చెల్లెలు, ఇప్పుడు అమెరికాలో నర్సు. అక్కడి అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ 1973లో 36 మంది ఫెలోలతో మొదలైంది. అందులో ఫెలో కావాలంటే డిగ్రీలు, సర్వీసు మాత్రమే చాలవు. తన పనివల్ల వైద్యసేవల్లో ఏం మారిందో రుజువులతో రాయాలి. ఇదివరకే ఫెలోలైన ఇద్దరు పూచీగా నిలబడాలి.

దరఖాస్తు రాస్తూ చెల్లెలు ఫోన్ చేసింది: "అవ్వ చేసింది ఎవరన్నా రాసిపెట్టారా?"

వెతికాం. తెల్లకోకలో ఒక ఫొటో, ఒక బ్యాడ్జి, అంతే. ఎందరికి పురుడు పోసిందో, ఎందరికి పని నేర్పిందో లెక్కే లేదు. పూచీ పలికేవాళ్ళూ పోయారు.

మీ ఇంట్లో అలాంటి అవ్వ, అత్త ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మేము ఆలస్యం చేశాం.