యంత్రానికి తాళం నేర్పిన జంట

అనంతగిరిలో గానీ, కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఏ ఊళ్లో గానీ, పెళ్లి బరాత్ కదిలిందంటే ముందు డీజే బండి ఉండాల్సిందే. డప్పు దెబ్బా, తీన్మార్ దరువూ ఇప్పుడు ఆ బండి మీది స్పీకరు పెట్టెల్లోంచే వస్తున్నాయి. డీజే అంటే నిన్నగాక మొన్న వచ్చిన వ్యవహారమని చాలామంది అనుకుంటారు. కానీ తెలుగు పాట కీబోర్డు ఎక్కి, రిథమ్ మెషీన్ ఎక్కి నలభై ఏళ్లయింది. ఆ చరిత్రను మనం సరిగ్గా రాసుకోలేదు. రాసుకుంటే మొదటి అధ్యాయానికి సంగీత దర్శకుల జంట రాజ్-కోటి పేరు పెట్టాలి.

ఇద్దరూ సంగీతం మోగే ఇళ్లలో పుట్టినవాళ్లే. రాజ్ అసలు పేరు తోటకూర సోమరాజు. 'జయసింహ', 'పాండురంగ మహత్యం' మొదలుకొని ఎన్టీఆర్ సినిమాలెన్నిటికో బాణీలు కట్టిన టి.వి. రాజు కొడుకు. తండ్రి 1973లో పోయేనాటికి అతనికింకా ఇరవై నిండలేదు. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు, 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ' పాటల సాలూరి రాజేశ్వరరావు కొడుకు. ఈ సాలూరి వారి గురించి ఒక మాట చెప్పాలి. సినిమా పాటే సర్వస్వం కాకముందు, ఆయన ఆర్. బాలసరస్వతీదేవితో కలిసి పాడిన ప్రైవేటు గ్రామఫోను రికార్డులు తెలుగిళ్లలో మోగాయి. రాగాన్ని వదలకుండానే తేలిగ్గా, ఎవరైనా కూనిరాగం తీసుకునేలా పాడిన లలిత గీతాలవి. ఈ రోజు పాప్ అని దేన్నంటున్నామో దాని తెలుగు మూలం నాకు అక్కడ కనిపిస్తుంది. కొడుకు కోటి చేసింది కొత్తదే అయినా పరాయిది కాదు.

తండ్రులు గొప్పవాళ్లయినంత మాత్రాన కొడుకులకు పీట వేసి కూర్చోబెట్టే చోటు కాదు మద్రాసు కోడంబాకం. రాజ్, కోటి ఇద్దరూ అప్పట్లో తెలుగు సినిమాను ఏలుతున్న సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకులుగా చేరారు. ఉదయం బాణీ, మధ్యాహ్నానికి ఆర్కెస్ట్రా, సాయంత్రానికి రికార్డింగు ముగించే వేగం చక్రవర్తిది. గడియారంతో పోటీ పడుతూ పాట తయారు చేయడం అక్కడే ఒంటపట్టింది. 1983లో 'ప్రళయ గర్జన'తో జంటగా తెర మీద పేరు వేసుకున్నారు.

సంగీత యంత్రాల చరిత్రలోనూ ఆ 1983 మామూలు సంవత్సరం కాదు. జపాన్ కంపెనీ యమహా డీఎక్స్-7 అనే సింథసైజర్‌ను బయటికి తెచ్చింది ఆ ఏడే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతిలో అది శబ్దాన్ని పుట్టిస్తుంది. గంట మోత, గాజు మోత, ఎలక్ట్రిక్ పియానో, అన్నీ ఒక్క మీట కింద. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి ఒప్పందం కూడా ఆ ఏడే అమల్లోకి వచ్చింది. మిడి తీగలో శబ్దం ప్రయాణించదు. ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అనే సమాచారం మాత్రమే పోతుంది. నొక్కిన బలాన్ని కూడా 127 దాకా అంకెలుగా రాసుకుంటుంది. ఒక్క తీగలో పదహారు చానెళ్లు. అంటే కీబోర్డు మీద ఒక మనిషి వాయించిన దరువును సీక్వెన్సర్ గుర్తుపెట్టుకుని ఎన్నిసార్లయినా మళ్లీ వాయిస్తుంది. శ్రుతి చెడకుండా వేగం పెంచొచ్చు, తగ్గించొచ్చు. తబలా మోతను డ్రమ్ములకు మార్చొచ్చు.

అంతకుముందు ఎలా ఉండేదో తలుచుకుంటే దీని విలువ తెలుస్తుంది. వయొలిన్లు, వేణువు, వీణ, తబలా, డోలక్ అందరూ ఒకే హాల్లో కూర్చోవాలి. గాయకుడు గాజు గదిలో నిలబడాలి. ఒకరు తప్పితే అందరూ మొదటికి రావాలి. ఆ క్రమశిక్షణలోంచే గొప్ప పాటలు వచ్చాయి, అందులో సందేహం లేదు. కానీ ప్రయోగానికి సమయం ఉండేది కాదు, ఖర్చూ భరించగలిగేది కాదు. ఇలా దరువును యంత్రంలో ముందే రాసిపెట్టే ప్రోగ్రామింగ్ వచ్చాక సంగీత దర్శకుడు రికార్డింగుకు ముందే పాట మొత్తం విని చూసుకోగలిగాడు.

రాజ్-కోటికి ఆ పని చేసిపెట్టిన కుర్రాళ్లలో దిలీప్ ఒకడు. సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ కొడుకు. తండ్రి చిన్నప్పుడే పోవడంతో ఇల్లు నడపడానికి కీబోర్డు వాయిస్తూ స్టూడియోల చుట్టూ తిరిగేవాడు. ఇళయరాజా దగ్గరా వాయించాడు. ఏళ్ల తరబడి రాజ్-కోటి పాటలకు కీబోర్డులు, ప్రోగ్రామింగ్ చూశాడు. 1989లో ఇంటి పెరట్లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. 1992 ఆగస్టు 15న 'రోజా' విడుదలయ్యాక అతన్ని లోకమంతా ఏఆర్ రెహమాన్ అని పిలిచింది. ఆ మెరుపును మెచ్చుకునేటప్పుడు మనవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. అతను మెషీన్ల మీద చేయి తిప్పుకున్న గదుల్లో తెలుగు పాటల గది ఒకటి.

1988లో 'యముడికి మొగుడు' వచ్చింది. చిరంజీవి డాన్సు వేగానికి తగిన దరువు కావాలి. ఆ సినిమా పాటలతో రాజ్-కోటి పేరు ఊరూరికీ తెలిసింది. 'అందం హిందోళం' అని రాగం పేరునే పల్లవిలో పెట్టుకున్న పాట డాన్సు పాట కావడం ఆ జంట స్వభావానికి చక్కని గుర్తు. ఆ తర్వాత 'ఖైదీ నంబర్ 786', 'కర్తవ్యం', 'ముఠామేస్త్రి', 'గోవింద గోవింద', 'హలో బ్రదర్'. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని 'హలో బ్రదర్' పాటలు మళ్లీ వినండి. కింద బేస్ తొణకకుండా నడుస్తుంది, రిథమ్ ఒక్క చోట కూడా తడబడదు, పైన గాయకులు బాలు, చిత్ర మాత్రం పూర్తి స్వేచ్ఛగా గమకాలు వేస్తారు. యంత్రం వల్ల పాట ఎండిపోతుందన్న భయానికి ఇంతకంటే మంచి జవాబు లేదు. బాణీ తండ్రుల తరం దగ్గర నేర్చుకున్న చేతులు మీటల మీద ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది.

ఆ పాటలు మన జిల్లాల దాకా వచ్చింది క్యాసెట్ల మీద. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద సూర్యాపేటలో, కోదాడలో ఆగిన బస్సుల్లో, లారీల్లో, హోటళ్లలో మోగేవి. మోనో స్పీకరులో, అరిగిపోయిన టేపులో కూడా ఆ దరువు స్పష్టంగా వినపడేది. ప్రోగ్రామ్ చేసిన డ్రమ్ముకు ఆ బలం ఉంటుంది.

1994 ప్రాంతంలో జంట విడిపోయింది. రాజ్ 'సిసింద్రీ' లాంటి కొన్ని సినిమాలు చేసి నెమ్మదించాడు. కోటి ఆగలేదు. 'పెదరాయుడు', 'హిట్లర్' తర్వాత 2000లో 'నువ్వే కావాలి' అతనికి కొత్త తరాన్ని తెచ్చిపెట్టింది. తర్వాత 'నువ్వు నాకు నచ్చావ్', 'నువ్వే నువ్వే'. 2004లో 'మల్లీశ్వరి' పేరుతోనే వచ్చిన వేరే సినిమాకు సంగీతం చేశాడు. తండ్రి 'మల్లీశ్వరి' వచ్చింది 1951లో.

యంత్రాల వల్ల నష్టం జరగలేదని నేననను. కీబోర్డులో స్ట్రింగ్స్ మీట నొక్కితే చాలన్నాక వయొలిన్ వరసలు ఖాళీ అయ్యాయి. మచిలీపట్నంలో పుట్టిన సంగీత దర్శకుడు మణిశర్మ తండ్రి వై.ఎన్. శర్మ వయొలిన్ విద్వాంసుడు. కొడుకు రాజ్-కోటి, కీరవాణి దగ్గర కీబోర్డు వాయించి, 1998లో 'చూడాలని వుంది'తో తన ముద్ర వేసుకున్నాడు. ఒకే ఇంట్లో వయొలిన్ నుంచి కీబోర్డుకు మారిన కాలం అది. సంగీత దర్శకుడు తమన్ తండ్రి శివకుమార్ చక్రవర్తి దగ్గర డ్రమ్ములు వాయించారు. తమన్ మణిశర్మ దగ్గర పనిచేశాడు. ఈ వరస చూస్తే తెలుగు ఎలక్ట్రానిక్ పాట వంశవృక్షం కళ్ల ముందుకొస్తుంది.

ఇలాంటి చరిత్రను రాసుకోకపోతే ఏమవుతుందో చూడండి. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే వాయిద్యకారుడు 1982లోనే రోలాండ్ మెషీన్ల మీద పది రాగాలను డిస్కో దరువుకు ఎక్కించి రికార్డు చేశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. షికాగోలో యాసిడ్ హౌస్ పుట్టకముందే ఈయన ఆ ధ్వని పట్టుకున్నాడని గుర్తించి, 2010లో విదేశీయులు మళ్లీ విడుదల చేస్తే గానీ దేశానికి ఆయన పేరు తెలియలేదు. మన వాళ్ల విషయంలో అలా జరగకూడదు.

రాజ్ 2023 మే 21న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆ తరానికి ప్రోగ్రామింగ్ చేసిన వాళ్లు, ఇంజినీర్లు చాలామంది పేర్లు క్యాసెట్ అట్ట మీద ఎన్నడూ అచ్చు కాలేదు. ఆడియో కంపెనీలు పాత పాటలను మళ్లీ ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు ఆ పేర్లు వెతికి రాయాలి. కోటి గారి లాంటి వాళ్లు ఉండగానే ఏ పాటకు ఏ మెషీను వాడారో, మీటల మీద ఎవరి చేయి ఉందో విశ్వవిద్యాలయాలు అడిగి రికార్డు చేయించాలి. మీ ఇంటి అటక మీద ఆ కాలపు క్యాసెట్లుంటే పారేయకండి, లోపలి కాగితం సహా దాచండి.