రాణి కుట్టిన బొమ్మలు, వెనకున్న మఖ్మల్

జాకెట్టుకి లైనింగ్ ఎందుకు వేస్తాం? బట్ట పల్చగా ఉంటే లోపలిది కనపడుతుంది కాబట్టి. పాతకాలం వాళ్ళు దీన్నే అస్తరు అనేవాళ్ళు. ఈరోజు కథ అలాంటి ఓ వెనకగుడ్డ గురించే. కానీ ఇందులో ఒక రాణి ఉంది, ఒక జైలు ఉంది.

స్కాట్లాండ్ రాణి మేరీ 1568లో దేశం వదిలి ఇంగ్లండ్ పారిపోయింది. ఆశ్రయం ఇస్తుందనుకున్న ఎలిజబెత్ రాణి ఆమెను బందీని చేసింది. దాదాపు 19 ఏళ్ళు! సైన్యం లేదు, రాసే ఉత్తరాల మీద నిఘా. చేతిలో మిగిలింది సూదీ దారం. 1569లో ఆమెను కలిసిన నికోలస్ వైట్ అనే అధికారి ఒక ఉత్తరంలో ఏం రాశాడంటే, ఆమె రోజంతా కుడుతూనే ఉంటుందట, రంగులు మారుతుంటే విసుగు తెలియదని చెప్పిందట.

తనకు కాపలా ఉన్న ప్రభువు భార్య, బెస్ ఆఫ్ హార్డ్‌విక్‌తో కలిసి మేరీ పక్షుల్ని, జంతువుల్ని, చేపల్ని పట్టుదారంతో క్రాస్ స్టిచ్‌లో కుట్టింది. ఈ కుట్టుకి పడుగు, పేక పోగులు లెక్కపెట్టాలి. ఇన్ని పోగులు దాటి ఒక ఇంటూ గుర్తు, మళ్ళీ ఇన్ని దాటి ఇంకోటి. అందుకే పోగులు స్పష్టంగా కనపడే లినెన్, అంటే అవిసె నార బట్ట కావాలి.

మరి రాజభవనం గోడకి మఖ్మల్ తెరలే కదా అందం? చిక్కు అక్కడే ఉంది. మఖ్మల్ మీద నూగు ఉంటుంది, పోగులు కనపడవు, లెక్క కుదరదు. అందుకని బొమ్మల్ని విడిగా లినెన్ మీద కుట్టారు. తర్వాత వాటిని ఆకుపచ్చ మఖ్మల్ మీద అతికించి కుట్టారు. లెక్క లినెన్‌ది, నిండుదనం మఖ్మల్‌ది.

అందులో ఒక బొమ్మ చూడండి. ఆకాశం నుంచి ఒక చెయ్యి కత్తితో ద్రాక్షతీగ కొమ్మని కోస్తోంది. గాయం తగిలితే ధైర్యం ఇంకా చిగురిస్తుందని దాని మీద లాటిన్ మాట. ఇదే బొమ్మ ఉన్న దిండుని మేరీ నార్ఫోక్ డ్యూక్‌కి పంపింది. ఆమెను పెళ్ళి చేసుకోవాలనుకున్నవాడు ఆయనే. కాయని కొమ్మ అంటే పిల్లలు లేని ఎలిజబెత్ అని చాలామంది చరిత్రకారులు అర్థం చెప్తారు. రాజద్రోహం కేసులో ఆ దిండు సంగతి కూడా బయటికొచ్చింది. 1572లో డ్యూక్ తల తీశారు. 1587లో మేరీదీ.

మనుషులు పోయారు, కుట్టు మిగిలింది. ఆ తెరలు ఇప్పటికీ నార్ఫోక్‌లోని ఆక్స్‌బరో హాల్‌లో ఉన్నాయి. గోడకి వేలాడేటప్పుడు బరువు మోసేది ఆ వెనకగుడ్డే.

మీరూ లినెన్ మీద కుడితే ఫ్రేమ్ కట్టేముందు వెనక ఒక తెల్ల నూలుగుడ్డ వెయ్యండి. ముందే దాన్ని ఉతికి ఆరబెట్టండి, లేకపోతే తర్వాత కుంచించుకుపోయి ముందున్న బట్టని లాగేస్తుంది. గుడ్డ వేస్తే పోగుల సందుల్లోంచి వెనకున్న అట్ట కనపడదు. మెచ్చుకునేవాళ్ళకి అదీ కనపడదు, పర్లేదు!

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.