విద్యుత్ డోళ్లు – వాటి పుట్టుక, వాటి మరమ్మత్తు

గత ఉగాది సభలో మన కుర్రవాండ్ర పాటకచ్చేరి మంచి జోరుమీద నుండగా, ఎలక్ట్రానిక్ ప్యాడులో ఒక గడి హఠాత్తుగా మూగవోయినది. అబ్బాయి ఎంత కొట్టినను పలుకలేదు. 'పాతసామాను, తూకమునకు వేసి క్రొత్తది కొనుడు' అని కొందరు పెద్దలనిరి. కొనుటకు సంఘపు పెట్టెలో సొమ్ము లేదు. మేము రైల్వేలో గుమస్తాలమే గాని మెకానిక్కులము కాము. అయినను ఆ నెపమున ఈ వాద్యముల చరిత్ర కొంత చదివితిమి. చదివినది తోడి సభ్యులకు చెప్పుట ఉచితమని తోచినది.

చర్మము లేకుండ డోలు పలికించు యత్నము ఇంగ్లండులో 1970 ప్రాంతముననే జరిగినది. మూడీ బ్లూస్ అను బృందమున డ్రమ్ములు వాయించు గ్రేమ్ ఎడ్జ్, సస్సెక్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రయన్ గ్రోవ్స్ సాయముతో చేయించిన పరికరము 1971 నాటి వారి రికార్డులో వినబడును. 1976లో అమెరికాలో జో పొలార్డ్ 'సిండ్రమ్' తెచ్చెను. కాని ఇవి మామూలు డ్రమ్ముల ప్రక్కన అలంకారముగా నుంచుకొనునవి. డ్రమ్ముల సెట్టు మొత్తమును తీసివేసి ఆ చోట నిలువగలిగినది 1981లో వచ్చిన సిమ్మన్స్ ఎస్.డి.ఎస్.-5. లండనుకు ఉత్తరముననున్న సెయింట్ ఆల్బన్స్ పట్టణములో డేవ్ సిమ్మన్స్ అను నాతడు, రిచర్డ్ జేమ్స్ బర్జెస్ అను డ్రమ్మరు తోడ్పాటుతో దానిని రూపొందించెను.

దాని ప్యాడులు తేనెపట్టు గడివలె ఆరు పలకలవి. పైతలము పాలీకార్బొనేట్, పోలీసువారు అల్లరిమూకలకు అడ్డుపెట్టు డాళ్లు చేయు సరకే. చూపునకు సొగసే గాని, దానిపై గంటల తరబడి కొట్టినవారికి మణికట్లు నొప్పి పుట్టెను. మన మృదంగ విద్వాంసులు చూచిన నవ్వియుందురు. తరువాతి సెట్లలో రబ్బరు పొర వేసి ఆ బాధ తగ్గించిరి.

ప్యాడు అడుగున 'పిజో' బిళ్ల యుండును. ఒత్తిడి తగిలిన కొన్ని స్ఫటికములు విద్యుత్తు పుట్టించునని క్యూరీ సోదరులు 1880లోనే కనుగొనిరి. ఆ చిన్న విద్యుత్తు తీగ వెంట వెళ్లి పెట్టెలోని మాడ్యూలును లేపును. మాడ్యూలులో ఒక స్వరము, ఒక 'హుష్' మను రొద పుట్టును. రెండింటిని ఏ పాళ్లలో కలుపవలెనో, స్వరము ఎంత క్రిందికి జారవలెనో, ఎంతసేపటికి ఆగవలెనో బిరడాలతో నిర్ణయింతురు. ఆ దశకపు పాటలలో వినవచ్చు 'డూమ్' అని జారిపడు శబ్దమిదే. ఒక పెట్టెలో ఏడు మాడ్యూళ్లవరకు పట్టును.

మరమ్మత్తుకు ఈ విడివిడి ఏర్పాటే పెద్ద ఉపకారము. మా ఆఫీసులో రోజు లెక్క తేలనప్పుడు పుస్తకమంతయు మరల కూడము; సగము వేరుచేసి తప్పు ఏ సగములో నున్నదో చూతుము. ఇక్కడను అంతే. ఒక డ్రమ్ము పలుకనిచో ముందుగా దాని తీగను పొరుగు ప్యాడునకు తగిలింపవలెను. అప్పుడు పలికినచో దోషము ప్యాడుది. పలుకనిచో తీగను మార్చి చూడవలెను. తీగ మంచిదే యైనచో, స్విచ్చి కట్టివేసి, ఒకే తరహా టామ్ మాడ్యూళ్లు రెండింటిని చోట్లు మార్చవలెను. దోషము మాడ్యూలుతో కదలినచో అందులోనే యున్నది. కదలక అదే చోట నిలిచినచో కనెక్టరు మీద త్రుప్పో మురికియో పట్టినది. అన్నియు ఒక్కసారి మూగవోయినచో ఏ మాడ్యూలునూ తప్పుపట్టరాదు, పవర్ సప్లై చూడవలెను. బొయ్యిమను రొద వచ్చుచున్నచో అచ్చటి పెద్ద కెపాసిటర్లు ఎండియుండును. నలువది ఏండ్లు దాటిన వస్తువులో అది వింత కాదు. పవర్ సప్లైలో ఇంటి కరెంటు వచ్చును గనుక తెలియనివారు అందులో చేయి పెట్టరాదు.

1983లో వచ్చిన ఎస్.డి.ఎస్.-7లో ఇంకొక చిక్కు చేరినది. అందులో కొన్ని శబ్దములు ఈప్రామ్ అను చిప్పులలో వ్రాయబడియుండును. చిప్పు మీది గాజు కిటికీపై అతినీలలోహిత కాంతి తగినంత పడినచో వ్రాత చెరిగిపోవును. అందుచే కిటికీకి అంటించిన చీటీని పీకి పారవేయకూడదు.

పాత భాగములన్నియు మార్చినచో శబ్దము మారునని కొందరు, మార్చకున్న మొత్తము చెడునని కొందరు వాదింతురు. చెడినదానినే మార్చి, చెడనిదాని జోలికి పోకుండుట మేలని మా యభిప్రాయము.

సిమ్మన్స్ వారి వైభవము ఎక్కువ కాలము నిలువలేదు. 1985లో జపాను నుండి రోలండ్ వారి ఆక్టాప్యాడ్ వచ్చినది. ఎనిమిది గడుల ఆ పలక మన దేశపు ఆర్కెస్ట్రాలలోను స్థిరపడినది. ఇంగ్లండులోని ఆ సంస్థ 1990 దశకములో మూతబడెను. ఆ పేరు నేడు అమెరికాలోని గిటార్ సెంటర్ వారి సరకులమీద కనబడును. పాత సెట్లు గలవారు సర్క్యూటు పటములు ఒకరికొకరు ఇచ్చుకొని బాగుచేసికొనుచున్నారు.

మా ప్యాడు సంగతి చెప్పుట మరచితిమి. ఒక ఆదివారము అబ్బాయితో కూర్చుండి, పలకని గడి తీగను పలుకు గడికి మార్చి చూచితిమి. దోషము గడిదే యని తేలినది. మూత విప్పగా పిజో బిళ్లకు అతికిన సన్నని తీగ ఊడియున్నది. బజారులో రేడియోలు బాగుచేయు ముసలాయన టంకము వేసియిచ్చి, టీ డబ్బులు మాత్రమే పుచ్చుకొనెను. ఈ ఉగాదికి అదే ప్యాడు వేదికమీద నుండును. ఆ గడిని మాత్రము కొంచెము గట్టిగా కొట్టవలెను.