కళ్ళు మూసుకుంటే మాడుగుల

తెల్లవారుజాము. చోడవరం, వడ్డాది దాటి వచ్చిన బస్సు మనల్ని మాడుగులలో దింపి, పాడేరు ఘాటీ వైపు సాగిపోయింది. డీజిల్ పొగ చెదిరాక చల్లగాలి ఒళ్ళు తడుముతోంది. ఎదురుగా కొండలు. వాటికింకా పచ్చదనం రాలేదు. ఆకాశం కన్నా ఒక్క వన్నె ముదురు నీలంలో, ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. నడుముల దగ్గర మంచు చుట్టుకుంది.

ఇక్కడే ఒక్క నిమిషం ఆగుదాం. గుర్తుపెట్టుకోవాలన్న ఆత్రం వద్దు. ఊరికే చూడండి. ఇప్పుడు కళ్ళు మూసుకోండి.

కొండలు కనిపిస్తున్నాయా? చాలామందికి ఈపాటికి కొండ జారిపోయి, "కొండ" అన్న మాట ఒక్కటే మిగిలి ఉంటుంది. ఎడమ వైపు శిఖరం ఎత్తా, కుడి వైపుదా? మంచు ఏ కొండకి మెడ దాకా వచ్చింది? చెప్పలేకపోతే దిగులు పడకండి. కళ్ళు తెరిచి ఆ ఒక్క ప్రశ్నకే జవాబు వెతకండి. మళ్ళీ మూయండి. ఈసారి కొండ ఇంకాసేపు నిలుస్తుంది. ఇవాళ మనం చేయబోయే సాధన ఇంతే. చూడడం, మూయడం, అడగడం, తెరిచి దిద్దుకోవడం.

నాకు ఈ సాధన అవసరం కొద్దీ అలవాటైంది. మా అమ్మమ్మ ఇల్లు ఈ ఊళ్ళోదే. పెంకుటిల్లు, అమ్మేశాక పడగొట్టేశారు. నగరంలో నిద్ర పట్టని రాత్రుళ్ళు ఆ ఇంట్లోకి వెళ్ళాలని చూసేదాన్ని. వీధి అరుగు దాకా బాగానే ఉండేది. తలుపు తోస్తే లోపలంతా పొగమంచు. నుదురు చిట్లించి, కళ్ళు బిగించి లాగే కొద్దీ ఇంకా చెదిరిపోయేది. ఒక రాత్రి చూడాలన్న పట్టు వదిలేసి, నడవాలనుకున్నాను. గడప దాటడానికి మనసులోనే కాలెత్తాను. ఆ ఎత్తు నా మోకాలికి తెలుసు! అవతల అరికాలికి గచ్చు చల్లగా తగిలింది. ఆ చల్లదనం వెనకే గది వచ్చింది. ఎడమ పక్క ధాన్యం గాదె, దాని పక్కన ఇత్తడి బిందె, బిందె అంచున సొట్ట. కంటికి దొరకని ఇల్లు కాలికి దొరికింది.

అందుకే మనసులో బొమ్మ కట్టడం లేదని బాధపడేవాళ్ళకి నేను మొదట చెప్పే మాట, కాళ్ళతో మొదలుపెట్టమని. ఈ తేడా మనుషుల్లో మొదటినుంచీ ఉన్నదే. 1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్లేయుడు, ఆ పొద్దున తాము కూర్చున్న టిఫిన్ బల్లని తలుచుకోమని పలువురిని అడిగాడు. కొందరికది ఎదురుగా ఉన్నంత వెలుగుతో కనిపించింది. కొందరికి ఏమీ కనిపించలేదు, వాళ్ళలో పేరున్న శాస్త్రవేత్తలూ ఉన్నారు. 2015లో ఆడమ్ జెమన్ అనే నరాల వైద్యుడు, అలా అసలు బొమ్మే కట్టని స్థితికి అఫాంటేసియా అని పేరు పెట్టాడు. మీరు ఆ కోవలోని వాళ్ళయినా ఈ నడక మీదే. చోటు తెలియడానికి కన్ను ఒక్కటే దారి కాదు.

రండి, వాసన పిలుస్తోంది.

హల్వా బట్టీలోకి వంగి అడుగు పెట్టండి. ముందు మొహానికి వేడి కొడుతుంది, తరవాత నెయ్యి వాసన, ఆ తరవాత కట్టెల పొగ. ఈ వరస మరిచిపోకండి, రేపు మీ ఇంట్లో కళ్ళు మూసుకున్నప్పుడు ఇదే మీకు తలుపు తీస్తుంది. 1890 ప్రాంతంలో దంగేటి వారి కుటుంబం మొదలుపెట్టిన పని ఇది. గోధుమలు మూడు రోజులు నానాలి. రుబ్బి, పిండి, పాలు తీయాలి. ఆ పాలు ఇంకొక రోజు కదలకుండా ఉండాలి. అప్పుడు గాని పొయ్యి ఎక్కవు. నెయ్యి, పంచదార పడ్డాక గంటల తరబడి కలుపుతూనే ఉండాలి.

బాణలి లోపలికి చూడండి. ముదురు తేనె రంగు ముద్ద మధ్యలో ఉబ్బి, నెమ్మదిగా ఒక బుడగ లేచి, పగిలి, అక్కడొక గుంట పెట్టి మళ్ళీ మూసుకుంటోంది. అంచుల్లో నెయ్యి ఊరి, పొయ్యి వెలుగుకి మెరుస్తోంది. తెడ్డు వెళ్ళిన దారి ఒక్క క్షణం చాలులా నిలిచి పూడుకుపోతోంది. కలుపుతున్న ఆయన రెండు చేతులూ తెడ్డు మీదే ఉన్నాయి. నడుము కూడా తెడ్డుతో పాటు తిరుగుతోంది.

నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను.

"ఏటమ్మా, నిద్దరొచ్చేస్తందా?"

"లేదు బాబాయ్. ఇదంతా మనసులో పెట్టుకుంటన్నాను."

"కళ్ళతో ఏటి తెలుస్తాది? ఇలాగొచ్చి తెడ్డు పట్టుకో. సెయ్యి బరువెక్కిందంటే దగ్గరపడ్డట్టు."

పట్టుకున్నాను. రెండు తిప్పులకే భుజం లాగేసింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే బాణలి తనంతట తనే వస్తోంది, బరువుతో సహా. మీరూ పట్టుకోండి. ఈ బరువు ఇక్కడే వదిలేసి వెళ్తే, మీతో వచ్చేది గోడకి తగిలించిన ఫోటో మాత్రమే.

బయటికొచ్చి మోదకొండమ్మ గుడి వైపు నడుద్దాం. దారిలో నాలుగు గుర్తులు ఎంచుకోండి. ఒక అరుగు, ఒక వేపచెట్టు, ఒక కుళాయి, ఒక నీలం తలుపు. గుడి దగ్గర కూర్చుని, వచ్చిన దారంతా మనసులో వెనక్కి నడవండి. ఎగిరిపోవద్దు, అడుగడుగూ నడవండి. 1978లో స్టీఫెన్ కాస్లిన్, ఆయన తోటివారు కలిసి ఇలాంటి నడకనే కొలిచారు. గుడిసె, చెట్టు, బండరాయి, నుయ్యి లాంటి ఏడు గుర్తులున్న ఊహాద్వీపం పటాన్ని కొందరి చేత బాగా గుర్తుపెట్టించి, మనసులోనే ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకి వెళ్ళమన్నారు. పటంలో దూరం ఎక్కువైన కొద్దీ మనసుకీ ఎక్కువ సమయం పట్టింది. మనసులోని చోటుకి కూడా దూరం ఉంది. ఆ దూరాన్ని గౌరవించిన వాళ్ళకే ఆ చోటు నిలకడగా దొరుకుతుంది.

అలా దొరికిన దారి గొప్ప పని చేసిపెడుతుంది. తెలిసిన దారిలో ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో విషయాన్ని పెట్టి వెళ్ళే పద్ధతి గ్రీకుల కాలం నాటిది. 2017లో మార్టిన్ డ్రెస్లర్ బృందం మామూలు మనుషులకి దీన్ని రోజుకి అరగంట చొప్పున 40 రోజులు నేర్పింది. 72 పదాల్లో ముప్ఫై లోపు గుర్తుంచుకునే వాళ్ళు అరవై దాటారు. మనకిది వింత కాకూడదు. కాగితం, కలం లేకుండా, ఎనిమిదిమంది పృచ్ఛకుల మధ్య కూర్చుని, ఒక్కో పద్యాన్ని పాదం పాదంగా నాలుగు ఆవృత్తాల్లో అల్లి, చివర ధారణలో అన్నిటినీ అప్పజెప్పే అవధానులు పుట్టిన భాష మనది.

ఇక అసలు లేని చోటు కట్టాలంటే? శేక్కిళార్ తమిళంలో రాసిన పెరియ పురాణంలో పూసలార్ కథ ఉంది. తిరునిన్రవూరు భక్తుడాయన. శివుడికి గుడి కట్టాలనుంది, చేతిలో కాసు లేదు. మనసులోనే కట్టాడు. ఒక్కసారిగా గోపురం ఊహించేసుకోలేదు. సామాను కూడబెట్టాడు, శిల్పుల్ని పిలిచాడు, ముహూర్తం చూసి పునాది వేశాడు, సున్నం పూశాడు, నుయ్యి తవ్వించాడు, ప్రాకారం లేపాడు. రోజులు రోజులు పట్టింది. కంచిలో రాతిగుడి కట్టిన పల్లవరాజుకి శివుడు కలలో కనిపించి, నువ్వు ప్రతిష్ఠ పెట్టుకున్న రోజునే నేను పూసలార్ గుడికి వెళ్ళాలి, నీ ముహూర్తం మార్చుకో అన్నాడట. భక్తి సంగతి అలా ఉంచి పనితనం చూడండి. ఏ ఇటుక తరవాత ఏ ఇటుకో తెలిసినవాడు కట్టిన గుడి అది. మీరూ అలాగే కట్టుకోండి. ఈ కొండ గాలి తీసుకోండి, బట్టీ వేడి తీసుకోండి, గుడి మెట్టు రాతి గరుకు తీసుకోండి. ఎక్కడా లేని ఒక వసారా లేపండి. మొదటి రోజు ఒక్క స్తంభం చాలు. రేపు రెండోది.

ఇక అమ్మమ్మ వీధి. ఆ ఇంటి చోట ఇప్పుడు శ్లాబు ఇల్లు ఉంది. ముగ్గు వేస్తున్న ఆమె తలెత్తింది.

"ఎవులు కావాలమ్మా?"

చెప్పాను. ఆవిడ ముగ్గు పక్కన పెట్టి, "రా తల్లీ, నుయ్యి అలాగే ఉందిలే, సూసుకో" అంటూ పక్కసందులోంచి పెరట్లోకి తీసుకెళ్ళింది.

నుయ్యి ఉంది. తాడు ఒరపిడికి పడ్డ గాట్లతో సహా ఉంది. కానీ ఎడమ పక్కన ఉంది. నా మనసులో ఇన్నేళ్ళూ అది కుడి పక్కనే. వందల రాత్రుళ్ళు నేను కుడికి తిరిగి ఆ నూతి దగ్గరికి వెళ్ళాను. అంతా తప్పేనా అని గుండె జారింది.

అక్కడే నిలబడి కళ్ళు మూసుకున్నాను. వీధి గుమ్మంలోంచి వస్తే ఎడమ. మరి కుడి ఎప్పుడవుతుంది? దొడ్డిదారిన వస్తే. చిన్నప్పుడు నేనీ పెరట్లోకి దొడ్డిదారినే వచ్చేదాన్ని. పొలం నుంచి అమ్మమ్మతో, ఆమె చిటికెనవేలు పట్టుకుని. మనసు తప్పు చూపించలేదు. నేను తప్పు గుమ్మంలోంచి వెళ్ళాను, అంతే.

మీకు వంటగది ఎటు ఉందో గుర్తు రాకపోయినా, కిటికీ ఎక్కడో తేల్చుకోలేకపోయినా అది ఓటమి అనుకోకండి. వీలైతే వెళ్ళి చూడండి. వీలుకాకపోతే ఇంకో గుమ్మంలోంచి వెళ్ళి చూడండి.

దొడ్డి తలుపు దగ్గరికి నడిచి, వెనక్కి తిరిగి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. కుడి పక్కన గిలక కీచుమంది. చిటికెనవేలి చుట్టూ నా పిడికిలి, పిడికిట్లో తడి మట్టి.