డేటాబేసు నిర్వాహకుని పుట్టుపూర్వోత్తరములు

1970 జూన్ నెలలో 'కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం' అను పత్రికయందు ఎడ్గర్ కాడ్ ప్రకటించిన వ్యాసము పుటల లెక్కకు చిన్నదే గాని, అందలి సంకల్పము మిక్కిలి సాహసోపేతమైనది. ఇంగ్లండులో జన్మించి, యుద్ధకాలమున వైమానికదళములో విమానములు నడపి, పిదప అమెరికా చేరి ఐబీఎం సంస్థలో కొలువు కుదిరిన ఆ గణితవేత్త, శాన్ హోసేలోని పరిశోధనాలయమునుండి వాదించిన దేమనగా: సమాచారము యంత్రములో ఏ వరుసను, ఏ గొలుసుతో నిలువచేయబడినదో దానిని వాడుకొనువాడు తెలిసికొన నక్కరలేదు, తనకేమి కావలెనో చెప్పిన చాలును, త్రోవను యంత్రమే వెదకికొనవలెను.

ఆనాటి వాడుక దీనికి కేవలము విరుద్ధముగా నుండెను. చంద్రమండల యాత్రకై నిర్మింపబడుచున్న అపోలో నౌక యొక్క అసంఖ్యాకములైన విడిభాగముల జాబితాను నడపుటకు 1966 ప్రాంతమున ఆరంభమై, తరువాత ఐఎంఎస్ అను పేర ప్రసిద్ధి గాంచిన ఐబీఎం వ్యవస్థలో సమాచారమంతయు కొమ్మలు రెమ్మలుగా నమర్చబడెడిది. ప్రోగ్రాము వ్రాయువాడు మొదటినుండి ఒక్కొక్క కొమ్మ పట్టుకొని దిగవలసినదే. చార్లెస్ బాక్‌మన్ 1973లో ట్యూరింగ్ పురస్కారమును స్వీకరించుచు చేసిన ప్రసంగమున ప్రోగ్రామరును నావికునిగా అభివర్ణించెను. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని, ఏ భూమి ఏ అడంగలులో నెక్కినదో కరణమునకొక్కనికే తెలిసియుండుటవలన రైతు వాని వాకిట పడిగాపులు పడినట్లే, చిన్న ప్రశ్నకు సమాధానము కావలసిన అధికారి కూడ ఆ నావికుని తీరుబడికై కాచుకొని యుండవలసి వచ్చెడిది. నిలువచేయు తీరు మారినచో ప్రోగ్రాములన్నియు తిరుగవ్రాయవలసి వచ్చెడిది.

కాడ్ పక్షమునకు ప్రతివాదులు చెప్పిన ఆక్షేపణలలో బలమైనది యిది: మానవుడు వెదకినంత చక్కగా యంత్రము త్రోవ వెదకలేదు, కావున పని నెమ్మదించును. దీనికి ప్రత్యుత్తరము వాదముచేత గాక నిర్మాణముచేతనే చెప్పవలసి వచ్చినది. శాన్ హోసేలో 'సిస్టమ్ ఆర్' అను ప్రయోగము, బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అనువారి 'ఇంగ్రెస్' రమారమి ఒకే కాలమున సాగినవి.

సిస్టమ్ ఆర్ బృందములోని పట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ప్రకటించిన పత్రము ఈ చరిత్రకంతటికి ఆయువుపట్టని నా అభిప్రాయము. ఒక క్వెరీకి పది త్రోవ లున్నచో, ఒక్కొక్క త్రోవకు డిస్కునుండి ఎన్ని పేజీలు చదువవలసి వచ్చునో, ప్రాసెసరునకెంత శ్రమ కలుగునో లెక్కగట్టి, అన్నిటికంటె చౌకైన దానిని ఎన్నుకొను విధానము వారు కల్పించిరి. ఆ లెక్కకు టేబులులో నెన్ని వరుసలున్నవి, ఇండెక్సులో భిన్నములైన విలువ లెన్ని అను గణాంకములు కావలెను. అవి లేని యెడల నేమి చేయవలెను? ఇండెక్సు లేని కాలమ్‌లో ఒక విలువకు సరిసమానమైన వరుసలు పదింట నొకటి యుండునని, ఒక విలువకు మించినవి మూడింట నొకటి యుండునని వారు ఊహించుకొనిరి. మూడింట నొకటి యను సంఖ్యకు ప్రత్యేకమైన అర్థమేమియు లేదని వారే నిర్మొగమాటముగ వ్రాసికొనుట చదివినప్పుడు నాకు వారియందు గౌరవమే హెచ్చినది.

ఆ పత్రములోనే మరియొక చిన్న వాక్యము కలదు. వరుస చేర్చినప్పుడెల్ల, తొలగించినప్పుడెల్ల ఈ గణాంకములను సవరించుచు పోయినచో, అవి దాచియుంచిన కేటలాగు టేబుళ్ల లాకులకై పనులన్నియు ఒకదానివెనుక నొకటి నిలిచిపోవునని గ్రహించి, వారు ఆ సవరణను ఒక ప్రత్యేకమైన ఆజ్ఞగా వేరుచేసి, అప్పుడప్పుడు నడుపుకొండని వదలివేసిరి. అప్పుడప్పుడనగా నెప్పుడు? ఎవరు నడుపవలెను? ఈ ప్రశ్నలలోనే డేటాబేసు నిర్వాహకుని ఉద్యోగమునకు విత్తు పడినది. నిన్నటివరకు సెకనులో ముగిసిన క్వెరీ నేడు అరగంటయైనను తేలకున్నచో, అనుభవజ్ఞుడైన డీబీఏ నేటికిని మొట్టమొదట అడుగునది గణాంకములు ఎప్పుడు తీసితిరనియే.

వేగమునకు మరియొక విఘ్నము ఎవ్వరు నూహింపని చోట పొడసూపినది. అతిస్వల్పకాలము మాత్రమే పట్టి విడువవలసిన లాకును ఒక ప్రాసెసు చేతబట్టియున్న క్షణమున ఆపరేటింగ్ సిస్టము దానిని పక్కకు తప్పించినచో, తక్కినవన్నియు దాని వెనుక బారు తీరెడివి. అది విడిచిన పిదపను, ప్రతి ప్రాసెసు లాకు పుచ్చుకొని, విడిచి, మరల వెంటనే అదే లాకునకై వచ్చి బారు చివర నిలుచుటవలన ఆ బారు తరుగుటయే లేదు. దీనికి సిస్టమ్ ఆర్ బృందమువారు 'కాన్వాయ్' అని పేరిడిరి. పరిహారము విచిత్రమైనది: లాకు విడిచినప్పుడు దానిని బారులో ముందున్నవానికి అప్పగింపక, వేచియున్న వారినందరిని మేల్కొలిపి, అందినవాడు అందుకొనునట్లు విడుచుటయే. న్యాయమైన వరుసక్రమమే వేగమునకు శత్రువైనదన్నమాట.

విశ్వసనీయత విషయమున గూడ నిట్టి పాఠమే తటస్థించినది. మార్పు చెందిన పేజీని డిస్కుపై మరియొక చోట వ్రాసి, పాతదానిని నీడవలె నిలిపియుంచి, విపత్తు కలిగినపుడు దానికి మరలుట సిస్టమ్ ఆర్ అనుసరించిన పద్ధతి. దానివలన ప్రక్కప్రక్కన నుండవలసిన పేజీలు డిస్కునిండ చెదరిపోయెను. మార్పులను ముందుగ 'లాగు' అను చిట్టాలో వ్రాయుటయే మేలని వారు తుదకు ఒప్పుకొనిరి. ఆ లాగు విద్యకు శాస్త్రీయమైన పరిపూర్ణతను సి. మోహన్ ప్రభృతులు 1992లో 'ఏరీస్' పేర ప్రకటించిన పత్రమున కూర్చిరి.

ఇన్ని కట్టుదిట్టములు చేసినను యంత్రము లేల నిలిచిపోవుచున్నవి? ఈ ప్రశ్నను జిమ్ గ్రే 1985లో, ఆగకుండ నడచుటయే బిరుదుగా గల టాండెమ్ సంస్థవారి కంప్యూటర్ల వైఫల్యముల చిట్టా ముందిడుకొని విచారించెను. వానిలో 42 శాతము నిర్వహణవలన, అనగా మానవుల చేతిచలువవలననే సంభవించినవని తేలినది. సాఫ్ట్‌వేరు లోపములు 25 శాతము. నిందలన్నియు మోయు హార్డ్‌వేరు వంతు అంతకంటెను తక్కువ.

అయినను నిర్వాహకుల సంఖ్య తగ్గలేదు. ఒరాకిల్ ప్రాబల్యము పెరిగినకొలది హైదరాబాదులోని అమీర్‌పేట గల్లీలలో డీబీఏ శిక్షణాలయముల బోర్డులు మేడమేడకు వ్రేలాడినవి. బ్యాకప్పు తీయుట, దానిని తిరిగి నిలబెట్టుట, ఎక్స్‌ప్లెయిన్ ప్లాను చదువుట నేర్చి మన యువకులు ఖండాంతరములకు పోయిరి.

స్టోన్‌బ్రేకర్ 1986లో బర్క్‌లీయందే తలపెట్టిన పోస్ట్‌గ్రెస్ మరల లాగును వలదని, పాత వరుసను చెరుపక క్రొత్తదానిని ప్రక్కన వ్రాయు పద్ధతిని చేపట్టినది. పేరు మారి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయిన పిదప, 2001లో అదియు లాగును స్వీకరింపక తప్పలేదు. పాత వరుసల పద్ధతి మాత్రము నిలిచినది. వానిని ఊడ్చివేయుటకు 'వ్యాక్యూమ్' అను ఆజ్ఞ యున్నది. మరచితిరా, టేబులు ఉబ్బును. అంతకంటె ఘోరమేమనగా, ట్రాన్సాక్షన్ల సంఖ్యలు 32 బిట్లలో నిమిడియుండుటచేత, సుమారు 200 కోట్ల ట్రాన్సాక్షన్లు గడచులోపల ఊడ్వనిచో గతము భవిష్యత్తువలె గోచరించు ప్రమాదము కలదు. ఈ పని తనంత తానే జరుగు ఏర్పాటు 2008లో వెలువడిన 8.3వ వెర్షను నుండి మొదటినుండియే అమలులో నుండునట్లు చేయబడినది. పగటిపూట డిస్కుపై భారము పడుచున్నదని దానిని ఆపివేయు నిర్వాహకులు నేటికిని కలరు. వారు ఆపినను, సంఖ్యలు హద్దునకు సమీపించినంతనే సర్వరు వారి యానతిని లెక్కింపక ఊడ్పునకు దిగును. అది సాధారణముగా అందరును పనిలో మునిగియున్న వేళనే సంభవించుచుండును.