అద్దె పెరట్లో కరివేపాకు

మా అక్క కూతురు వాసంతికి పెళ్లయి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో నాలుగు ఊళ్లు మారింది, మూడు ఉద్యోగాలు మానేసింది. అల్లుడిది బ్యాంకు ఉద్యోగం. మూడేళ్లు తిరిగేసరికి బదిలీ కాగితం ఠంచనుగా వచ్చేస్తుంది. ఆదోనిలో లెక్కల టీచరుగా చేరి, పిల్లలు "మా మేడమ్" అనడం మొదలుపెట్టారో లేదో, నాగపూరు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ మళ్లీ అ ఆల నుంచి మొదలు. ఇప్పుడు భువనేశ్వరం.

నెల్లాళ్ల క్రితం ఒక రాత్రి ఫోను చేసింది.

"పిన్నీ, ఇక్కడ ఒక స్కూలువాళ్లు రమ్మంటున్నారు. పదిహేను రోజుల్లో ఏ సంగతీ చెప్పాలి. కానీ నాకు చేరాలని లేదు. మళ్లీ మూడేళ్లకు మానేయడమేగా! బ్లాగు పెడదామనుకుంటున్నాను. అది ఏ ఊళ్లో ఉన్నా ఒకటే. ఒకసారి రాసి పెడితే చాలు, మనం నిద్రపోతున్నా డబ్బు వస్తూనే ఉంటుందట. పాసివ్ ఇన్‌కమ్ అంటారు. మన చంటిదాని ముచ్చట్లూ ఫోటోలూ పెడితే జనం ఎగబడి చూస్తారు. ఏమంటావు?"

నాకు నవ్వొచ్చింది. మరుక్షణమే, నవ్వినందుకు సిగ్గేసింది. 1986లో మీ బాబాయికి బదిలీ అయిందని, ఖాయం కాబోతున్న స్కూలు ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చినదాన్ని నేనే కదా! ఆ కాగితం మీద పెట్టిన తారీఖు నాకిప్పటికీ గుర్తే. ఊరు మారినా మారని సంపాదన ఒకటుంటుందని ఆ రోజున ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్ల కాళ్లకు దండం పెట్టేదాన్ని.

"వారం రోజులాగు. తెలుసుకుని చెబుతాను" అన్నాను. తెలుసుకున్నదే మీకూ చెబుతున్నాను. మన ఇళ్లల్లో ఇలాంటి వాసంతులు ఒక్కరా, ఇద్దరా!

ఎక్కడుంటే అక్కడే పని చేసుకోవచ్చునన్న ఆశ ఇంటర్నెట్టుతో పుట్టిందేమో అనుకున్నాను. కాదట. 1983లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో స్టీవెన్ రాబర్ట్స్ అనే రచయిత ఇల్లూ సామానూ వదిలించుకుని, వెనక్కి వాలి కూర్చుని తొక్కే ఒక విచిత్రమైన సైకిలెక్కి దేశం మీద పడ్డాడు. సైకిలు మీద సూర్యరశ్మితో కరెంటు పుట్టించే పలక, సంచిలో చిన్న కంప్యూటరు. దారిలో దొరికిన టెలిఫోను తీగకు ఆ కంప్యూటరు తగిలించి వ్యాసాలు పంపేవాడు. అలా పదివేల మైళ్లు తిరిగాడు. భలే అనిపించింది నాకు. అయితే ఒక్క సంగతి గమనించండి. పగలంతా తొక్కాలి, ఆగినచోట రాయాలి. రాయని రోజు రాబడి లేదు. ఊరి సంకెల తెగింది గానీ పని సంకెల తెగలేదు.

1997లో జపాన్ ఇంజనీరు త్సుగియో మకిమొటో, డేవిడ్ మానర్స్ అనే పాత్రికేయుడితో కలిసి "డిజిటల్ నోమాడ్" అని ఒక పుస్తకం రాశాడు. నోమాడ్ అంటే దేశదిమ్మరి. ఇకమీదట మనిషి పని ఉన్నచోటికి పోనక్కర్లేదు, మనిషి ఉన్నచోటికే పని వస్తుందని అందులో జోస్యం. మన ఆడవాళ్లకు అది జోస్యమేమిటి, మనం ఎక్కడుంటే అక్కడికి పని వచ్చి పడుతూనే ఉంది కదా అనకండి. వాళ్లు చెప్పింది జీతమొచ్చే పని!

బ్లాగు పుట్టిందీ ఆ రోజుల్లోనే. 1994లో జస్టిన్ హాల్ అనే కాలేజీ కుర్రవాడు తన సంగతులన్నీ ఇంటర్నెట్టులో డైరీలా రాసుకోవడం మొదలుపెట్టాడు. 1997లో జార్న్ బార్గర్ అనే ఆయన అలాంటి వాటికి "వెబ్‌లాగ్" అని పేరు పెట్టాడు. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ అనే ఇంకొకాయన తమాషాకి ఆ మాటను విరిచేసరికి "బ్లాగ్" మిగిలింది. ఆ ఏడాదే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చిన్న కంపెనీ "బ్లాగర్" అనే సదుపాయం తెచ్చింది. కంప్యూటరు విద్య రానివాళ్లు కూడా ఉత్తరం రాసినంత సులువుగా రాసుకోవచ్చు. ఖర్చు కానీ లేదు. 2003లో దాన్ని గూగుల్ కొనేసింది.

ఇంతవరకు ఇది సరదా. డబ్బు ఎక్కడ చేరిందంటే, అదే 2003లో గూగుల్ "యాడ్‌సెన్స్" అనే ఏర్పాటు చేసింది. మీరు ఆవకాయ గురించి రాశారనుకోండి. పక్కనే నూనె ప్రకటనో, జాడీల ప్రకటనో దానంతటదే వచ్చి కూర్చుంటుంది. 2024 మొదటిదాకా, చదివేవాళ్లు దాని మీద నొక్కితే ప్రకటనదారు గూగుల్‌కు ఇచ్చే డబ్బులో మీకు వాటా వచ్చేది. ఆ వాటా నూటికి 68 అని 2010లో గూగులే బయటపెట్టింది. అమెజాన్ అయితే 1996 నుంచే, మీ మాట విని ఎవరైనా సరుకు కొంటే మీకు కమీషన్ ఇవ్వడం మొదలుపెట్టింది. నిద్రలో వచ్చే డబ్బు అంటే ఇదీ. మీరు పడుకున్నప్పుడు అవతలి దేశంలో ఎవరో మేలుకుని ఉంటారు కదా, వాళ్లు నొక్కుతారు.

2007లో తిమతీ ఫెరిస్ అనే ఆయన, వారానికి నాలుగు గంటలు పని చేస్తే చాలంటూ ఒక పుస్తకం రాశాడు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. పాపం, ఆయనకు మన వంటిళ్లు తెలిసి ఉండవు.

ఇక ఈ చరిత్రలో నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని మనిషి గురించి చెప్పాలి. పేరు హెదర్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1975లో పుట్టింది. 2001లో "డూస్" అనే పేరుతో బ్లాగు మొదలుపెట్టింది. ఆఫీసులో తోటివాళ్ల మీద వేళాకోళాలు రాసిందని 2002లో ఉద్యోగం తీసేశారు. బ్లాగు రాసి ఉద్యోగం పోగొట్టుకోవడానికి అమెరికాలో "డూస్‌డ్" అనే మాటే పుట్టింది! తర్వాత యూటా రాష్ట్రంలో కాపురం. 2004లో ఆడపిల్లను కన్నది. పురిటి తర్వాత మనసు కుంగిపోయి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. ఆ దిగులును దాచకుండా రాసింది. "నాకూ అంతే, నేనెవరికీ చెప్పుకోలేకపోయాను" అంటూ తల్లులు బారులు తీరారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది చిన్న ఉపకారం కాదు. మన కాలంలో బాలింత ఏడిస్తే "దిష్టి తగిలింది" అని ఉప్పు తిప్పేసేవారంతే.

బ్లాగులో ప్రకటనలు చేరాయి. 2005లో భర్త ఉద్యోగం మానేసి ఈ వ్యాపారం చూసుకోవడానికి ఇంట్లో కూర్చున్నాడు. 2009లో ఫోర్బ్స్ పత్రిక, పత్రికా ప్రసార రంగాల్లో పలుకుబడిగల 30 మంది స్త్రీల జాబితాలో ఆమె పేరు వేసింది. ఆ ఏడాదే, కొత్తగా కొన్న బట్టలుతికే యంత్రం పనిచేయలేదని ఆమె నాలుగు ముక్కలు రాస్తే, ఆ కంపెనీ పెద్దలు ఆదరాబాదరా బాగుచేయించారు. మన ఫిర్యాదులు ఎవరైనా అలా వింటే ఎంత బాగుండును! 2011లో న్యూయార్క్ టైమ్స్ ఆమె మీద పెద్ద వ్యాసం రాస్తూ, నెల రాబడి 30,000 నుంచి 50,000 డాలర్ల దాకా ఉండొచ్చని అంచనా వేసింది.

వాసంతి కలగన్నది ఇదే కదా! మరి ఆ డబ్బు నిద్రపోతుంటే వచ్చిందా? ఆమె రాయడం మానితే జనం రావడం మానేవారు. జనం రాకపోతే ప్రకటన లేదు. ఏం రాయాలి? ఇల్లు, మొగుడు, పిల్లలు, తన ఏడుపు, తన నవ్వు. ఇంట్లో జరిగిందంతా సరుకే. మెచ్చుకునేవాళ్లు లక్షల్లో ఉంటే, ఆమెను తిట్టుకోవడానికే చోటు పెట్టుకున్నవాళ్లు ఇంకొందరు. 2012లో దంపతులు విడిపోయారు. 2015లో ఆమె బ్లాగు నుంచి తప్పుకుంది. ప్రకటనదారుల కోసం పిల్లలతో లేని సరదాలు కల్పించాల్సి రావడం తనకు మింగుడుపడలేదని తర్వాత చెప్పింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. పాత దిగులూ, తాగుడూ వెంటాడుతూనే ఉన్నాయి. 2023 మేలో, 47 ఏళ్ల వయసులో, తన ప్రాణం తానే తీసుకుంది.

బ్లాగే ఆమెను చంపిందనడం అన్యాయం. ఆ జబ్బు బ్లాగు కంటే ముందునుంచీ ఉంది. రాయడం వల్లే అన్నాళ్లు బతికిందేమో కూడా! నేను చెప్పేది ఒక్కటే. ఊరితో పని లేని ఆ ఉద్యోగంలో ఆఫీసు ఎక్కడో లేదు, ఇంట్లోనే ఉంది. సాయంత్రం తాళం వేసి ఇంటికి పోదామంటే, పోవడానికి వేరే ఇల్లు లేదు.

అందరి కథా ఇలాగే ముగిసిందని కాదు. మన దేశంలోనే అమిత్ అగర్వాల్ ఉన్నాడు. 2004లో ఉద్యోగం వదిలి ఆగ్రాలో ఇంటి నుంచే బ్లాగు మొదలుపెట్టాడు. కంప్యూటర్లతో తంటాలు పడేవాళ్లకు ఉపాయాలు చెప్పడం ఆయన పని. ఇరవై ఏళ్లు దాటినా ఆ పేరు నిలిచే ఉంది. ఆయన పంచింది తనకు తెలిసిన విద్య. తన ఇంటి తలుపులు తీసిపెట్టలేదు.

మన తెలుగువాళ్ల సంగతీ చెప్పాలి. 2006 ప్రాంతాల్లో "లేఖిని" వచ్చి ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాయడం నేర్పింది. తెలుగు బ్లాగులన్నిటినీ ఒక్క చోట చూపించడానికి "కూడలి" ఉండేది. నేనూ 2008లో ఒక బ్లాగు పెట్టాను. మా అమ్మమ్మ పెట్టే ఊరగాయలు, మేం అద్దెకున్న ఇళ్లు, అవీ సంగతులు. పైసా రాలేదు, రావాలనీ అనుకోలేదు. నిజానికి యాడ్‌సెన్స్ తెలుగును గుర్తించిందే 2018లో. మన బ్లాగుల మంచి రోజులు అప్పటికే వెనకబడ్డాయి.

ఇంకా వెనక్కి వెళ్తే, ఊరితో పని లేని రాత మనకు కొత్తా? మద్రాసులో కూర్చుని మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" దశాబ్దాల తరబడి నడిపారు. ఏ మారుమూల ఊరి ఇల్లాలైనా కార్డు ముక్క రాస్తే జవాబు దొరికేది. ఆవిడ వంటల పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చవుతూ వచ్చింది. ఒకసారి రాస్తే ఏళ్ల తరబడి ఫలితమివ్వడమంటే అదే కదా! కాకపోతే ఆ "ఒకసారి" వెనక ఎన్నేళ్ల చదువుందో, వారం వారం ఎంత చాకిరీ ఉందో మనకు కనిపించదు.

ఇంకొక మెలిక కూడా ఉంది. అది చెప్పడానికి నా కరివేపాకు మొక్క గుర్తొస్తోంది. బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ అద్దె పెరట్లో ఒక కరివేపాకు మొక్క నాటేదాన్ని. అది ఎదిగి రెమ్మ తుంచుకునే వేళకు ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేది. ఒకచోటైతే, మేం ఉండగానే ఇంటావిడ కారు షెడ్డు వేయించాలని నరికించేసింది. పెరడు ఆవిడది, అడగడానికి నేనెవర్ని?

బ్లాగు రాబడీ చాలామందికి అలాంటి చెట్టే. 2011లో గూగుల్ తన వెదికే పద్ధతి మార్చింది. అమెరికాలో నూటికి దాదాపు పన్నెండు ప్రశ్నలకు జవాబుల వరస మారిపోయింది. అందులో నాసిరకం రాతలు కొట్టుకుపోయాయి, మంచివి కూడా కొన్ని వాటితో పోయాయి. బ్లాగులు చదువుకోవడానికి చాలామంది నమ్ముకున్న "గూగుల్ రీడర్" 2013 జూలైలో మూతపడింది. 2024 నుంచి ఇంకో మార్పు. మనం ఏదైనా వెదికితే యంత్రమే నాలుగు ముక్కల్లో జవాబు కూర్చి పైన పెడుతోంది. జవాబు అక్కడే దొరికితే బ్లాగు గుమ్మం తొక్కేదెవరు, ప్రకటన నొక్కేదెవరు? నీళ్లు పోసేది మనం, పెరడు ఇంకొకరిది.

వారం గడిచాక వాసంతికి ఇదంతా చెప్పాను. చంటిదాని ఫోటోల మాట వచ్చినప్పుడు కాస్త కోపంగానే చెప్పాను. "అది పెద్దదయ్యాక, నన్నడిగే పెట్టావా అమ్మా అంటే ఏం చెబుతావు?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే వద్దంటావు" అంది చివరికి, నీరసంగా.

"వద్దంటే 1986లో నన్ను నేను మోసం చేసుకున్నట్టే. రాయి. నీకు లెక్కలు వచ్చు. భిన్నాలంటే భయపడే పిల్లల తల్లులకు తెలుగులో చెప్పు. నీ పేరుతో నీ సొంత చిరునామా కొనుక్కో. రాసిన ప్రతి ముక్కా నీ దగ్గర ఒక నకలు పెట్టుకో. చదివేవాళ్లు ఇష్టపడి ఇస్తే వాళ్ల ఈమెయిళ్లు రాసి ఉంచుకో, రేపు పెరడు మారినా కబురు పెట్టొచ్చు. కానీ స్కూల్లో చేరు. రెండేళ్లు డబ్బు రాదనుకునే రాయి. వచ్చిందా, వచ్చే బదిలీకి రాజీనామా రాసేటప్పుడు చెయ్యి వణకదు."

"రోజూ స్కూలు నుంచి వచ్చి, వంట చేసి, చంటిదాన్ని పడుకోబెట్టి అప్పుడు రాయాలా పిన్నీ?"

ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఉన్న జవాబే చెప్పాను. "అల్లుణ్ణి ఫోను దగ్గరికి పిలువు. వంట సంగతి నేను మాట్లాడతాను."

మాట్లాడాను. బ్యాంకులో పెద్ద పద్దులు చూసే మనిషి, పప్పులో ఉప్పెంత వేయాలని అడిగాడు. కొలత చెప్పాను. వాసంతి ఒకటో తారీఖున స్కూల్లో చేరింది. నిన్న రాత్రి తన మొదటి వ్యాసం పంపింది. భిన్నాల గురించి. పెసరట్టును ఎనిమిది ముక్కలు చేసి మొదలుపెట్టింది. చివరిదాకా చదివాను. ఇన్నేళ్లకు నాకూ భిన్నాలు అర్థమయ్యాయి.