పాత ఎయిర్‌పోర్టు

దమ్మామ్, అల్ ఖోబార్ వైపు ముప్పై నలభై ఏళ్ళ కిందట బతకడానికి వెళ్ళిన తెలుగువాళ్ళని ఎవరినైనా కదిలించి చూడండి. మాటల మధ్యలో ఒక్కసారైనా "పాత ఎయిర్‌పోర్టు" అంటారు. పాత ఎయిర్‌పోర్టు అంటే దహ్రాన్. 1999 నవంబరు 28న దమ్మామ్ అవతల కింగ్ ఫహద్ విమానాశ్రయం మొదలయ్యాక మామూలు ప్రయాణికులకి దహ్రాన్‌తో పని లేకుండా పోయింది. ఇప్పుడది వైమానిక దళం స్థావరం. మా తరానికి మాత్రం గల్ఫ్ అనగానే కళ్ళ ముందు మెదిలేది అదే.

నేను అక్కడ దిగింది 1984లో. రాజంపేట నుంచి బొంబాయికి రైలు, బొంబాయిలో ఏజెంటు గదిలో పదిహేను రోజుల పడిగాపులు, ఆ తర్వాత విమానం. అర్ధరాత్రి మెట్లు దిగి చూస్తే ఎదురుగా కోసుగా పైకి లేచిన కమానుల వరస, పక్కన పొడుగాటి టవరు. విమానాన్ని తీసుకొచ్చి మసీదు ముందు ఆపారేమిటా అనుకున్నాను. అబద్ధం ఎందుకు, చెప్పులు విప్పాలేమోనని ఒక క్షణం తటపటాయించాను కూడా.

ఆ "మసీదు" ఎవరు గీశారో చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. మినోరు యమసాకి అని, జపాను మూలాలున్న అమెరికన్ ఆర్కిటెక్టు. న్యూయార్కులో వరల్డ్ ట్రేడ్ సెంటరు జంట భవనాలకి రూపం ఇచ్చిందీ ఆయనే. దహ్రాన్ టెర్మినల్ 1961లో పూర్తయింది. అచ్చుల్లో పోసిన కాంక్రీటు ముక్కల్ని తెచ్చి నిలబెట్టి, అరబ్బు కమానుల్లా కనిపించేలా కట్టారు. సౌదీ ప్రభుత్వం దాన్ని ఎంత గొప్పగా చూసుకుందంటే, కరెన్సీ నోటు మీద కూడా ఆ బొమ్మ వేసింది.

ఐతే నేను చెప్పదలుచుకున్నది భవనం గురించి కాదు. భవనం కట్టడం డబ్బున్నవాడికి పెద్ద పని కాదు. కట్టిన ఎయిర్‌పోర్టుని రోజూ నడపడం ఎవరు నేర్చుకున్నారు, ఎలా నేర్చుకున్నారు అన్నదే దహ్రాన్ చరిత్ర. ఆ చరిత్రలో ఒక మూల, కొద్ది కాలం, నా చేతికీ ఇసుక అంటింది కాబట్టి రాస్తున్నాను.

ఆ తీరంలో విమానం దిగడం 1934లో మొదలు. చమురు వెతకడానికి వచ్చిన అమెరికన్ భూగర్భ శాస్త్రజ్ఞులు ఫెయిర్‌చైల్డ్ 71 అనే ఒంటి ఇంజను విమానం తెచ్చుకుని జుబైల్ దగ్గర దించారు. రన్‌వే అంటూ ఏమీ లేదు, గట్టి నేల చూసుకుని దిగడమే. నాలుగేళ్ళకి, 1938 మార్చిలో, దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు పడింది. దాంతో ప్రపంచమంతా అటు తిరిగింది.

రెండో ప్రపంచయుద్ధం చివర్లో అమెరికాకి కైరోకీ కరాచీకీ మధ్య దిగడానికి చోటు కావలసి వచ్చింది. జపాను మీద యుద్ధానికి సైన్యాన్ని తూర్పుకి తరలించాలని ఆలోచన. 1945లో రాజు అబ్దుల్ అజీజ్‌తో ఒప్పందం కుదిరింది. పని మొదలయ్యేసరికి జపాను లొంగిపోయింది. అయినా ఆపకుండా 1946లో దహ్రాన్ ఫీల్డ్ పూర్తిచేశారు. యుద్ధం కోసం మొదలెట్టిన రన్‌వే యుద్ధం లేకుండానే చేతికొచ్చింది.

అదే 1945లో ఇంకో సంగతి జరిగింది. ఫిబ్రవరిలో సూయజ్ కాలవ మధ్యనున్న గ్రేట్ బిట్టర్ సరస్సులో, క్విన్సీ అనే యుద్ధనౌక మీద, రాజూ రూజ్వెల్టూ కలుసుకున్నారు. ఆ తర్వాత రూజ్వెల్టు కానుకగా ఒక డీసీ-3 విమానం వచ్చింది. రాజుగారికి విమానం రుచి తగిలింది. ఒంటెల మీద దేశాన్ని ఒకటి చేసిన మనిషి, దూరం అంటే ఏమిటో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలిసి ఉండదు. జెద్దా నుంచి దహ్రాన్‌కి పన్నెండు వందల కిలోమీటర్ల పైమాట, అంటే మన హైదరాబాదు నుంచి ఢిల్లీ అంత. మధ్యలో ఉన్నదంతా ఎడారి. దమ్మామ్ నుంచి రియాద్‌కి రైలు 1951లో గానీ రాలేదు. టీడబ్ల్యూఏ అనే అమెరికన్ కంపెనీ సాయంతో సౌదీ ఎయిర్‌లైన్స్ పుట్టింది. 1947కల్లా కొన్ని డీసీ-3లతో జెద్దా, రియాద్, హొఫూఫ్, దహ్రాన్ మధ్య టైముటేబుల్ ప్రకారం విమానాలు తిరిగాయి.

ఆ రోజుల్లో పైలట్లూ మెకానిక్కులూ టవర్లో కూర్చునేవాళ్ళూ చాలావరకు అమెరికన్లే. కానీ తమవాళ్ళకి పని నేర్పాలన్న పట్టుదల సౌదీల వైపు నుంచి మొదటినుంచీ ఉంది. నేల మాది, జెండా మాది, పని మాత్రం మీరెందుకు చెయ్యాలి అన్నది వాళ్ళ లెక్క. 1951లో అమెరికా వాడకానికి ఐదేళ్ళ ఒప్పందం చేసుకున్నారు, 1957లో పొడిగించారు. ఇక పొడిగించేది లేదని 1961లో చెప్పేశారు. యమసాకి టెర్మినల్ తయారైన ఏడూ అదే కావడం నాకు ఎప్పుడూ తమాషాగా తోస్తుంది. 1962లో అమెరికన్ వైమానిక దళం సామాను సర్దుకుంది, దహ్రాన్ పూర్తిగా సౌదీల చేతికొచ్చింది.

ఇదంతా పెద్ద ఎయిర్‌పోర్టు కథ. చిన్న ఊళ్ళ కథ ఇంకోలా నడిచింది. సౌదీ తూర్పు నుంచి లెబనాన్‌లోని సైదా రేవు దాకా 1950లో ఒక గొట్టం వేశారు, టాప్‌లైన్ అంటారు. చమురుని తొయ్యడానికి దారిలో ఖైసూమా, రఫ్హా, బదనా, తురైఫ్ అనేచోట్ల పంపింగ్ స్టేషన్లు పెట్టారు. అంతకుముందు అక్కడ ఊరు అనదగ్గదేమీ లేదు. స్టేషను వచ్చింది, నీళ్ళ బావి తవ్వారు, ఆస్పత్రి పెట్టారు, పక్కనే విమానం దిగడానికి నేల చదును చేశారు. నీళ్ళ కోసం ఒంటెలు తోలుకొచ్చిన బెదూలు కొంతమంది అక్కడే ఉండిపోయారు. అలా ఊరు కట్టింది. బదనా పక్కనే పెరిగిన అరార్ ఇవాళ ఒక రాష్ట్రానికి ముఖ్యపట్టణం. ఊరు పుట్టాక ఎయిర్‌పోర్టు రావడం ఎక్కడైనా ఉంది, విమానం దిగే నేల చుట్టూ ఊరు పెరగడం అక్కడే చూశాను. గొట్టంలో చమురు ఎప్పుడో ఆగిపోయింది. ఊళ్ళు మిగిలాయి, ఖైసూమాకీ రఫ్హాకీ అరార్‌కీ తురైఫ్‌కీ ఇప్పటికీ విమానాలు దిగుతున్నాయి.

ఇక్కడ హైదరాబాదు మిత్రులకి ఒక మాట. మునిసిపాలిటీని మీరు బల్దియా అంటారు కదా, సౌదీలోనూ దాదాపు అదే మాట. కానీ ఊరి ఎయిర్‌పోర్టు మాత్రం ఊరి బల్దియాది కాదు. 2011 దాకా అది రక్షణ, విమానయాన మంత్రిత్వ శాఖ కింద ఉండేది. ఊళ్ళో ఒక బల్బు మార్చాలన్నా రియాద్‌కో జెద్దాకో కాగితం వెళ్ళాలి. ఆ బల్బుల పనికే నన్ను పంపించారు.

1985లో ఒక మెయింటెనెన్సు కాంట్రాక్టరు నన్ను దమ్మామ్ నుంచి ఉత్తరాన ఒక చిన్న ఊరి ఎయిర్‌పోర్టుకి ఎలక్ట్రీషియన్‌గా పంపాడు. టాప్‌లైన్ రోడ్డు మీద గొట్టం పక్కనే గంటల తరబడి ప్రయాణం. ఒంటెలు దాటడానికి అక్కడక్కడా గొట్టం మీద ఇసుక పోసి దిబ్బలు కట్టారు, వంతెనల్లా. ఊళ్ళో దిగితే ఒక చిన్న టెర్మినల్, ఒక టవరు, ఒక ఫైరింజను షెడ్డు, కనుచూపు మేర రన్‌వే. రోజుకి వచ్చేది ఒకటో రెండో విమానాలు. ఇంత నిదానమైన ఉద్యోగం ఎక్కడుంటుందిలే అని సంబరపడ్డాను.

వారం తిరిగేసరికి ఆ సంబరం కాస్తా దిగింది. పెద్ద ఎయిర్‌పోర్టులో వంద విమానాలకి ఎంత జాగ్రత్త కావాలో చిన్నచోట ఒక్కదానికీ అంతే కావాలి. రన్‌వేలో ఏ మూల ప్రమాదం జరిగినా మూడు నిమిషాల్లో ఫైరింజను అక్కడుండాలని అంతర్జాతీయ నియమం. విమానం ఒక్కటే వస్తుంది కదా అని ఆ మూడు నిమిషాలు ఆరు కావు. అందుకని ఫైరు సిబ్బంది పొద్దున్నుంచీ బూట్లు వేసుకుని కూర్చుంటారు, వచ్చే ఆ ఒక్క విమానం కోసం. చిన్న ఎయిర్‌పోర్టు ఎప్పుడూ నష్టాల్లో ఉండేది ఇందుకే. ఖర్చంతా సిద్ధంగా ఉండడానికే, ఆదాయం మాత్రం దిగిన విమానాన్ని బట్టి.

మా దీపాల పని చెబుతాను. రన్‌వే అంచుల్లో తెల్ల దీపాలు, మొదట్లో పచ్చవి, చివర్లో ఎర్రవి, విమానం పక్కదారి పట్టే చోట నీలివి. ఇంట్లో దీపాల్లా విడివిడిగా కాక, ఇవి దండలా ఒకే తీగ మీద ఉంటాయి. అన్నిట్లోనూ ఒకే కరెంటు పారుతుంది. మొదటి దీపానికీ ఆఖరి దీపానికీ వెలుగు తేడా రాకూడదు మరి. ఒక బల్బు పోతే దండంతా ఆరిపోకుండా ప్రతి దీపం కింద గోతిలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. జూన్, జూలైల్లో షమాల్ గాలి లేచిందంటే ఆ గోతులన్నీ ఇసుకే. గాలికి కొట్టుకొచ్చే ఇసుక దీపాల అద్దాల్ని గీకి గీకి గరుకు పట్టిస్తుంది. అద్దం పగలదు, మసకబారుతుంది. నేల మీద నిలబడి చూస్తే బాగానే వెలుగుతున్నట్టు ఉంటుంది, పైనున్న పైలటుకి కనబడదు. కాబట్టి చేత్తో తడిమి చూసి మార్చాలి. రన్‌వే మీది ఇసుక ఊడవడం ఇంకో జట్టు పని. ఇంజను లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి చిన్న రాయిని కూడా వదలకూడదు. ఎడారిని ఊడ్చే ఉద్యోగం అని మాలో మేము నవ్వుకునేవాళ్ళం.

ఎండ ఇంకో చిక్కు. నలభై ఐదు డిగ్రీల వేడిలో గాలి పలచబడుతుంది, రెక్కలకి పట్టు చాలదు, విమానం పైకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. ఆ చిన్న ఊరికి అంత పొడుగు రన్‌వే ఎందుకని మొదట్లో వింతగా చూసినవాణ్ణి, ఒక ఆగస్టు మధ్యాహ్నం నిండు బోయింగ్ 737 చివరంటా పరుగెత్తి లేవడం చూశాక నోరు మూసుకున్నాను.

మా షిఫ్టు ముదీర్ హొఫూఫ్ మనిషి. కుర్రతనంలో దహ్రాన్‌లో అమెరికన్ల దగ్గర చీపురు పట్టి మొదలెట్టాడట. తర్వాత దీపాల జట్టులోకి, ఆ తర్వాత ఇంగ్లీషు నేర్చుకుని ఆఫీసులోకి. పొద్దున్నే జీపు వేసుకుని రన్‌వే ఈ చివర నుంచి ఆ చివర దాకా తనే ఒకసారి తిరిగేవాడు. అది ఆయన పని కాదు, రిజిస్టరులో సంతకం పెడితే చాలు. నా చెయ్యి పట్టుకుని అద్దం గరుకు ఎలా తెలుసుకోవాలో చూపించింది ఆయనే. అమెరికన్ నుంచి ఆయనకీ, ఆయన నుంచి రాజంపేట వాడికీ ఆ విద్య అలా వచ్చింది. నాతోపాటు ఒక సౌదీ కుర్రాణ్ణి కూడా కూర్చోబెట్టి నేర్పాడు, "వీడు నేర్చుకున్న రోజున నువ్వు ఇంటికి" అని నవ్వుతూ. అది వేళాకోళం కాదని ఇద్దరికీ తెలుసు.

ఇంటికి పంపింది మాత్రం ఆ కుర్రాడు కాదు, చమురు ధర. 1986లో పీపా పది డాలర్ల దరిదాపుల్లోకి పడిపోయింది. కాగితాలు కదలడం మానేశాయి. విడి అద్దాలు రాలేదు, మా కాంట్రాక్టరు నాలుగు నెలలు జీతాలివ్వలేదు. మంచి అద్దాల్ని విమానం దిగే వైపుకి మార్చి, గరుకువాటిని అవతలి చివరకి పెట్టి ఎలాగో నెట్టుకొచ్చాం. అదే సమయంలో దమ్మామ్ అవతల కింగ్ ఫహద్ విమానాశ్రయం కడుతున్నారు. దాని స్థలం 776 చదరపు కిలోమీటర్లు, దాదాపు బహ్రెయిన్ దేశమంత. 1983లో మొదలైన ఆ పని తీరి ప్రయాణికులు దిగడానికి పదహారేళ్ళు పట్టింది. అక్కడ దేశమంత ఎయిర్‌పోర్టు, ఇక్కడ అరచెయ్యంత అద్దం. అప్పట్లో కడుపు మండేది. ఇప్పుడు ఆలోచిస్తే, కొత్తది కట్టడానికి దొరికే డబ్బు, ఉన్నదాన్ని తుడవడానికి దొరకదు, అది ఏ దేశంలోనైనా అంతేననిపిస్తుంది.

తర్వాత నేను ఖోబార్‌లో వేరే పనిలో చేరాను. 1990 ఆగస్టులో కువైట్ పడిపోయాక దహ్రాన్‌లో మళ్ళీ అమెరికన్ విమానాలు వరసగా దిగడం చూశాను. 1991 ఫిబ్రవరి 25 రాత్రి ఊళ్ళో సైనికుల బస మీద ఇరాక్ స్కడ్ పడి 28 మంది అమెరికన్లు పోయారు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. యుద్ధం కోసం మొదలై యుద్ధం చూడని రన్‌వే, నలభై ఐదేళ్ళ తర్వాత ఆ లోటు తీర్చుకుంది.

సౌదీలో పద్ధతి ఇప్పుడు మారింది. 2017 నుంచి దమ్మామ్, అల్ అహ్సా, ఖైసూమా మూడింటినీ కలిపి ఒకే కంపెనీ చూస్తోంది. మిగతా ఊళ్ళ ఎయిర్‌పోర్టులు 22 ఇంకో కంపెనీ కింద ఉన్నాయి. పెద్దదాని ఆదాయంతో చిన్నవాటిని పోషించుకోవచ్చు, బల్బు కోసం రాజధాని దాకా పోనక్కర్లేదు. మా ముదీర్ ఉంటే ముప్పై ఏళ్ళు ఆలస్యం అనేవాడు.

మన వైపు సంగతి ఏమిటంటారా? వరంగల్ మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే ఉంది. 1981 తర్వాత విమానాల్లేవు. శంషాబాదుకి 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న షరతు అడ్డు తొలగాక, 2025లో గానీ దాన్ని బాగుచెయ్యడానికి కేంద్రం అనుమతి ఇవ్వలేదు. మా కడప నయం. 2015 జూన్‌లో తెరుచుకుంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం తొలి విమానాలు ఎగిరినప్పుడు సిమ్లా, నాందేడ్‌లతో పాటు కడప కూడా ఉంది. ఆ పథకంలో ఎయిర్‌లైన్సుకి నష్టం పూడ్చేది మూడేళ్ళు. ఎగిరిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది, అదే ఏడు ఇండిగో వచ్చింది. సగం కువైట్ మా జిల్లావాళ్ళే అంటారు కదా, ఎక్కేవాళ్ళకి కరువు లేదు.

కిందటిసారి నేను హైదరాబాదు నుంచి కడపలో దిగాను. మా మనవడు సెల్‌ఫోను పట్టుకుని టెర్మినల్ ముందు నన్ను నిలబడమంటున్నాడు. నేను నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూశాను. దీపాల దగ్గరికి వెళ్ళి అద్దం తడిమే వీలు లేదు, సెక్యూరిటీ వాళ్ళు ఊరుకోరు. ఫైరింజను షెడ్డు తలుపులు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఇద్దరు కుర్రాళ్ళు బూట్లు వేసుకుని కుర్చీల్లో కూర్చుని ఉన్నారు.